తాగానన్నది ఎంత, తేలింది ఎంత

ఈ వేదిక మీద పట్టా అందుకుంటున్న యువ వైద్యుల్లో కొందరు త్వరలోనే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలో ఉంటారు. బైక్ మీంచి పడిన మనిషిని 108 దించుతుంది. "తాగినావా అన్నా?" అని అడిగితే "ఒక్క క్వార్టరే సార్" అంటాడు. భార్య మాత్రం ఆయన ముట్టనే ముట్టడంటుంది.

ఆ క్వార్టర్‌ను లెక్కగట్టాలి. 180 మిల్లీలీటర్ల విస్కీ, అందులో 42.8 శాతం ఆల్కహాలు. అంటే దాదాపు 60 గ్రాములు. 60 కిలోల మగవాడు పరగడుపున గబగబా తాగితే, 100 మిల్లీలీటర్ల రక్తంలో 150 మిల్లీగ్రాముల దాకా చేరవచ్చు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ గీసిన హద్దు 30. అతను అబద్ధమాడలేదు. ఆ ఒక్కటే హద్దుకు ఐదింతలు!

ఇంకొకడు సగం క్వార్టరే తాగి పడ్డాడనుకుందాం. బెంగళూరుకో వేలూరుకో పంపించి రక్తం తీసేసరికి ఐదారు గంటలు దాటితే, గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తరిగి ఏమీ మిగలదు. అక్కడ నోటిమాటే నిజం, రిపోర్టు ఆలస్యంగా వచ్చిన సాక్షి. అందుకే దెబ్బ తగిలిన వేళ, రక్తం తీసిన వేళ రెండూ కేసుషీట్‌లో ఉండాలి. సూది గుచ్చేచోట స్పిరిట్ దూది వాడకూడదు. తీవ్రంగా గాయపడినవారిలో లాక్టేట్ పెరిగి, ఎంజైమ్ పరీక్ష లేని మద్యాన్ని ఉన్నట్టు చూపే సందర్భాలూ ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001–02లో 12 దేశాల ఎమర్జెన్సీ వార్డుల్లో నోటిమాటకూ పరీక్షకూ మధ్య ఉన్న ఈ తేడానే పరిశీలించింది. మన దేశం నుంచి బెంగళూరు పాల్గొంది. గాయానికి ముందు ఆరు గంటల్లో తాగారా అని అడిగారు, ఊపిరి పరీక్ష చేశారు, చూసి వేసిన అంచనానూ విడిగా నమోదు చేశారు.

విడిగా రాయడంలోనే అసలు సంగతి ఉంది. వాసన రాగానే "తాగి పడ్డాడు" అని రాసి ఓ మూల పడుకోబెట్టడం ప్రాణాంతకం. మాట తడబాటు, వాంతి, మగత తలలో రక్తస్రావానికీ గుర్తులే. షుగర్ పడిపోయినా అంతే. గ్లూకోజ్ చూడాలి, స్పృహను మళ్లీ మళ్లీ పరీక్షించాలి, అనుమానముంటే సీటీ తీయించాలి.

కేసు భయం, ఇన్సూరెన్స్ డబ్బు రాదన్న భయం నోరు నొక్కేస్తాయి. కానిస్టేబుల్‌ను కాసేపు బయట ఉండమని, చికిత్స కోసమే అడుగుతున్నామని చెబితే చాలామంది దాచరు. డిశ్చార్జికి ముందు, మనిషి తేరుకున్నాక, రోజూ ఎంత తాగుతాడో ఇంకోసారి అడగాలి. మానాలని ఉందా అనీ అడగాలి.