డ్రమ్ము మీద రాయని పేరు

ఎవరి పేరిట ఇవాళ ఆర్మూర్‌లో కూడామో ఆ వకీలు గారు కూలీల కేసులు చూసినవారు. అందుకే ఈ సభలో థిన్నర్, డీగ్రీజర్ అని మనం పిలుచుకునే ద్రావకాల గురించి మాట్లాడతాను. మోటారు షెడ్డులో, ప్రెస్సులో, గల్ఫ్ వర్క్‌షాపులో మన పిల్లల చేతులు తడిసేది వాటితోనే.

చేసే పని క్యాన్సర్ తెస్తుందని 1775లోనే లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ పొగగొట్టాలు ఊడ్చేవాళ్లను చూసి రాశాడు. అది కోర్టులో నిలబడటం వేరే సంగతి.

ద్రావకాల సంగతే చూడండి: జపాన్‌లోని ఒసాకాలో ఒక ప్రింటింగ్ కంపెనీ ఉండేది. గాలి సరిగా ఆడని గదిలో కుర్రాళ్లు గుడ్డ తడిపి యంత్రం మీది సిరా తుడిచేవారు, రోజంతా అదే పని. ముసలితనంలో కనిపించే పిత్తనాళ క్యాన్సర్ వాళ్లకు వయసులోనే వచ్చింది. 2012లో కుమగాయ్ అనే పరిశోధకుడు ఆ సంగతి బయటపెట్టాడు. ఆ గుడ్డకు అంటినది 1,2-డైక్లోరోప్రొపేన్. అప్పటికి అక్కడి ద్రావకాల నియమాల్లో దాని పేరే లేదు. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

దక్షిణ కొరియాలో శామ్‌సంగ్ చిప్పుల ఫ్యాక్టరీలో పలకలను రసాయనాల్లో ముంచి కడిగిన హ్వాంగ్ యు-మి 2007లో ల్యూకేమియాతో చనిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తుంటే, తండ్రి నడుపుతున్న టాక్సీ వెనక సీట్లోనే ప్రాణం పోయింది. ఆ టాక్సీ డ్రైవరు ఊరుకోలేదు. 2011లో కోర్టు అది పనివల్ల వచ్చిన జబ్బేనంది, 2018లో కంపెనీ క్షమాపణ చెప్పింది. ఏ రసాయనాలు వాడారో చెప్పమంటే వ్యాపార రహస్యమన్న జవాబుతోనే ఆమెలాంటి కార్మికుల కుటుంబాలు ఎక్కువ కాలం కొట్లాడాయి.

మన దేశంలో ద్రావకాలకు అంత పేరున్న తీర్పు లేదు. దగ్గరిది ఆస్బెస్టాస్ కేసు. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు కార్మికుడి ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగమంది, బాధితులకు లక్ష రూపాయలు ఇమ్మంది. నా లెక్కలో ఆ లక్ష కన్నా పెద్దది మరో ఆదేశం: కార్మికుల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్లు దాచాలన్నది. పనివల్ల వచ్చే ఇలాంటి జబ్బు పదేళ్లకో ఇరవై ఏళ్లకో బయటపడుతుంది. అప్పటికి మేస్త్రీ ఉండడు, హాజరు పట్టీ ఉండదు.

చట్టం ఏమీ చెప్పలేదనలేం. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో బెంజీన్ జబ్బులుండేవి, డీగ్రీజర్లలో వాడే క్లోరిన్ ద్రావకాల కోవ రసాయనాల వల్ల వచ్చే జబ్బులూ ఉండేవి. ఆ పనిలో వరుసగా ఆరు నెలలు ఉంటే జబ్బును ప్రమాదం కిందే లెక్కగట్టాలంది. కానీ ఆర్నెల్లు చేశాడని చూపాలి, డ్రమ్ములో ఏముందో చెప్పాలి. కాంట్రాక్టరు కింద పనిచేసినవాడు ఈ రెండూ ఎక్కడ తెస్తాడు?

గల్ఫ్‌లో చేసినవాడి గతి ఇంకా అన్యాయం. ఆ చట్టం విదేశంలో పనిచేసేవారి దాకా వెళ్లింది, అదీ భారత్‌లో రిజిస్టరైన కంపెనీ చేర్చుకుని పంపితేనే. ఏజెంటుకు అప్పుచేసి డబ్బుకట్టి, అక్కడి కంపెనీ వీసా మీద విమానమెక్కిన మన ఆర్మూర్ కుర్రాడు ఆ మాటలోకి రాడు.