గోడలు లేని గదులు

జీవకణం లోపల వేలాది రకాల ప్రోటీన్లు కిక్కిరిసి ఉంటాయి. కేంద్రకానికీ, మైటోకాండ్రియాకూ చుట్టూ పొరలున్నాయి సరే, రైబోజోములు తయారయ్యే కేంద్రకాంశానికి ఏ పొరా లేదు. అయినా అది చెదిరిపోదు. ఎందుకని?

2009లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో దీనికి ఒక దారి దొరికింది. మాక్స్ ప్లాంక్ సంస్థలో క్లిఫర్డ్ బ్రాంగ్విన్, ఆంథోనీ హైమన్ బృందం సీ ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగు పిండాన్ని సూక్ష్మదర్శినిలో గమనించింది. అందులో పీ గ్రాన్యూల్స్ అనే రేణువులుంటాయి. అప్పటిదాకా చాలామంది వాటిని గట్టి పదార్థంగానే ఊహించుకున్నారు. తీరా చూస్తే అవి కేంద్రకం మీదుగా జారుతున్నాయి, సాగి బొట్లుగా తెగుతున్నాయి, పులుసులో నూనెచుక్కల్లా తాకగానే ఒక్కటవుతున్నాయి. అంతేకాదు, పిండం ముందువైపు కరిగిపోయి వెనకవైపు మళ్లీ పేరుకుంటున్నాయి. బీజకణాలకు మూలమయ్యే కణం ఆ వెనకవైపే ఏర్పడుతుంది. ఎంత అందమైన ఏర్పాటో చూడండి!

పొర లేని ఇలాంటి భాగాలు ఏర్పడే తీరు ఇది: కొన్ని ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏలు ఒకదాన్నొకటి బలహీనంగా, కానీ అనేకచోట్ల పట్టుకుంటాయి. వాటి సాంద్రత ఒక హద్దు దాటితే చుట్టూ ఉన్న ద్రవం నుంచి విడివడి బొట్టు కడతాయి. అణువులు మాత్రం లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటాయి.

ఆ ద్రవగుణం పోతే ప్రమాదమే. ఎఫ్‌యూఎస్ అనే ప్రోటీన్ బొట్లు కాలం గడిచేకొద్దీ గట్టిపడి పోగులుగా మారతాయనీ, ఏఎల్‌ఎస్ అనే నాడీవ్యాధికి సంబంధించిన జన్యుమార్పు ఉంటే అది మరింత త్వరగా జరుగుతుందనీ 2015లో ప్రయోగశాలలో తేలింది.

జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. కణం బొమ్మ గీయించేటప్పుడు పొరలున్న భాగాలతో పాటు ఈ బొట్ల గురించీ పిల్లలకు చెప్పండి.