పసినాలుకకు తొలి బడి

(సత్తుపల్లిలో తల్లిదండ్రుల సభయందు గావించిన ఉపన్యాసము)



“మా బిడ్డ ఇంటి కూడు ముట్టడు, అంగటి పొట్లమునకై మాత్రము పొర్లి పొర్లి యేడ్చును” అని తల్లులు వాపోవుచుందురు. ఈ మొర నేడు పేదయింటను, కలవారింటను ఒక్కతీరుగనే వినవచ్చుచున్నది. నేరమెవరిది? బిడ్డది కాదని నా మనవి. పుట్టుకతో శిశువునకు వచ్చునది తీపిపై మక్కువయు, చేదుపై వెగటును. తక్కిన రుచులలో పెక్కు నేర్పగా వచ్చునవే. మాటను నేర్పునట్లే రుచిని గూడ ఇల్లే నేర్పును.

ఇందులకు నిదర్శనముగా ఒక పరీక్షను చెప్పెదను. అమెరికా దేశమున క్లారా డేవిస్ అను వైద్యురాలు 1926లో మొదలిడి, తల్లిపాలు మానిన 15 మంది శిశువులకు తమ యాహారమును తామే యెన్నుకొను స్వేచ్ఛ నిచ్చిరి. ధాన్యములు, కూరలు, పండ్లు, పాలు, గ్రుడ్లు, మాంసము మొదలుగా ముప్పదికి పైబడిన పదార్థములను సిద్ధపరచిరి. దాదులు బలవంతము చేయరాదు, బుజ్జగింపనురాదు. ఒకరి భోజనమువలె వేరొకరిది లేదు. ఐనను బిడ్డలు పుష్టిగా పెరిగిరి. “తనకేది హితమో బిడ్డకే తెలియును” అని దీనినుండి తలంచినవారు కలరు. కాని డేవిస్ గారే 1939లో కిటుకును విప్పి చెప్పిరి. ఆ పళ్ళెములలో చక్కెర లేదు. డబ్బాలలోని వస్తువు లేదు. నాసి పదార్థములనుండి యెన్నుకొనుమన్నచో ఆ స్వేచ్ఛకు విలువ యుండదని వారి తీర్పు. ఎన్నుకొన్నది బిడ్డయే, ఏది యెన్నుకొన్నను కీడు కలుగని పళ్ళెమును అమర్చినది మాత్రము పెద్దలు.

పెద్దల నాలుకయు ఇట్టిదే. మన యుత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడు బెరిబెరి వ్యాధి పాతుకొనియుండెను. కాళ్ళు తిమ్మిరెక్కి, గుండె నీరసించి జనులు మంచము పట్టిరి. దానికి తిండి లేమి యొక్కటియే కారణము కాదు. తెల్లని బియ్యముపై మోజుతో మరపట్టిన పచ్చిబియ్యమును తిని, తవుటితో పాటు బి-1 విటమినును పారవేసికొనిరి. ఉప్పుడు బియ్యము తిను తావుల ఈ వ్యాధి అరుదు. కూనూరు పోషణ పరిశోధనాలయమువారు ఈ విషయమును శోధించి ప్రకటించిరి. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. కంటికింపైనది ఒంటికి మేలు చేయునను భ్రమ ఎంత ఖరీదైనదో తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు.

ఇక మన తావునకు వత్తము. మామిడి, మునగ, గోంగూర, తాటిముంజ, తేగ మనకు అరుదు కావు. అడవియంచున తునికిపండును, పాలపండును కలవు. జొన్నగటక నెరిగిన ముదుసళ్ళు ఇంకను ఉన్నారు. వీనితో పాటు ఆయిల్‌పామ్ తోటలును ఈ సీమను కమ్ముకొన్నవి. గెలలు అశ్వారావుపేట, అప్పారావుపేట మరలకు పోవుచున్నవి. పంట వేసి రైతు బ్రతుకుట తప్పు కాదు. కాని అంగటి వేపుడులలో తరచుగ వాడునది పామాయిలే. ఇట్టి తోటలనుండి పోయిన నూనెయే ఉప్పును, కృత్రిమ రుచిని పూసికొని, రంగుల సంచిలో మరల మన గుమ్మమునకే వచ్చుచున్నది!

తెల్లవారకముందే మిరపకోతకు పోవు తల్లి, అయిదు రూపాయల పొట్లమును బిడ్డ చేతిలోనుంచుట నేనెరుగుదును. ఆమెను నిందించుట అన్యాయము. అయినను నిజము చెప్పక తప్పదు. పొట్లము ఆకలిని చంపును, రక్తమును పెంపదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణమున అయిదేండ్ల లోపు బిడ్డలలో నూటికి 70 మందికి రక్తహీనత కలదని తేలినది. ఆకుకూరకును, పప్పునకును, గ్రుడ్డునకును చోటుండవలసిన చిన్ని కడుపును మనము దేనితో నింపుచున్నాము?

చేయదగినది కష్టమైనది కాదు. ఆరునెలలు నిండగనే తల్లిపాలతో పాటు మెత్తని పప్పన్నమును, రాగిజావను, ఉడికించిన కూరను అలవరుపుడు. రెండేండ్లు నిండువరకు చక్కెర కలుపకుడు; జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలును ఇదే చెప్పుచున్నవి. బిడ్డ కాకరకూరను ఉమిసినచో, “వీనికిది పడదు” అని తీర్పు చెప్పకుడు. క్రొత్తరుచిని ఎనిమిది, పదిమార్లు చవిచూచిన పిమ్మటగాని పసివారు మచ్చిక కారని పరిశోధకులు కనుగొనిరి. ఉగాదినాడు వేపపూత చేదును బిడ్డ నోటనుంచి నవ్వు మనకు ఈ యోరిమి క్రొత్తదా?

“కూర తిన్నచో చాక్లెట్టు ఇత్తును” అని లంచము చూపకుడు. కూర శిక్షయనియు, చాక్లెట్టు బహుమానమనియు ఆ మాటయే నేర్పును. తండ్రి కూరను పళ్ళెపు టంచునకు నెట్టివేయుచు కొడుకును తినుమనుట వ్యర్థము. పెరటి గోంగూరను బిడ్డచేతనే కోయింపుడు; కోసిన చేయి తినుటకు వెనుదీయదు.

పనికి పోవు తల్లికి తోడెవరందురా? అంగన్‌వాడీ కలదు. 2001 నవంబరు 28నాటి సుప్రీంకోర్టు ఉత్తరువు ఫలితముగా, 2003 జనవరినుండి మన బడులలో వండిన మధ్యాహ్న భోజనము కలదు. ఆ వంట రుచిగా, శుచిగా నున్నదో లేదో వెళ్ళి చూచుట ఊరివారి ధర్మము. పొలమునకు పోవునపుడు పొట్లమునకు మారుగా వేయించిన పల్లీలు, బెల్లపుముక్క, ఉడికిన గ్రుడ్డు ఇంట నుంచుటకు వేకువజామున గడియసేపు చాలును. ఆ గడియను తండ్రియు ఈయవచ్చును.

బిడ్డకు మనమిచ్చు పొలమును పరులు కొనవచ్చును, సొమ్మును కరగింపవచ్చును. మంచికూటిని మెచ్చు నాలుక నిచ్చితిమేని, దానిని లాగికొనుట అంత సులభము కాదు. కావున నేటి రాత్రి గోరుముద్దతోనే మొదలుపెట్టుదము.