ఇంటి కంప్యూటర్‌కి యజమాని ఎవరు?

(ఎల్బీనగర్‌లో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ విషయం మీద మాట్లాడతారని నిర్వాహకులు అడిగితే, ఇంటి కంప్యూటర్‌కి యాంటీవైరస్ ఎంచుకోవడం గురించి అన్నాను. ఫోన్లో కాసేపు మాట లేదు. తర్వాత, "అది కంప్యూటర్ వాళ్ల విషయం కదా మేడమ్, స్త్రీల హక్కులకీ దానికీ సంబంధం ఏమిటి?" అన్నారు. వంటింటి గురించి మాట్లాడినప్పుడు కూడా ఒకప్పుడు మనల్ని ఇదే ప్రశ్న అడిగారు.

కొన్నేళ్ల కిందట దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపులో కంప్యూటర్ కొన్నాను. డబ్బు నాది. దాని మీద పనిచేసేదీ నేనే. ఊళ్లల్లో స్త్రీలతో మాట్లాడి రాసుకున్న నోట్సంతా అందులోనే పెట్టుకోవాలి. మా ఆయన తోడు వచ్చారు, అంతే. విండోస్ ఎక్కిస్తున్న కుర్రాడు "సార్, మీ పేరు?" అని ఆయన్నే అడిగి, ఆ పేరుతోనే మొదటి ఖాతా తెరిచాడు. "మేడమ్ కూడా ఇదే వాడుకోవచ్చు" అన్నాడు. ఒక యాంటీవైరస్ డబ్బా చేతిలో పెట్టి "మూడేళ్లదాకా మీకు దిగుల్లేదు" అన్నాడు. బయటికొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం.

విండోస్‌లో మొదట తెరిచిన ఖాతాకి అడ్మినిస్ట్రేటర్ అని పేరు. కొత్త ప్రోగ్రాం ఎక్కించడం, తీసెయ్యడం, యాంటీవైరస్‌ని ఆపడం, "ఈ ఫైలు జోలికి పోకు" అని దానికి చెప్పడం, ఇవన్నీ ఆ ఖాతా హక్కులు. అంటే కంప్యూటర్‌కి కూడా ఒక ఇంటి యజమాని ఉంటాడు. రేషన్ కార్డులో ఇంటిపెద్దగా స్త్రీ పేరు రాయాలని 2013 ఆహార భద్రతా చట్టం చెప్పింది. కంప్యూటర్‌కి అలాంటి చట్టమేదీ లేదు కనక షాపు కుర్రాడి అలవాటే చట్టమైంది.

ఇది ఎంత దూరం పోతుందో నాకు తెలియజేసిన ఒకామె గురించి చెబుతాను. ఆమె అనుమతితోనే చెబుతున్నాను, ఆనవాళ్లు మార్చాను. భర్త హింస భరించలేక సలహా కోసం మా దగ్గరికి వచ్చింది. ఫిర్యాదు తనే ఇంట్లో టైపు చేసి తెస్తానంది. ఇక్కడి రంగారెడ్డి జిల్లా కోర్టుకి వెళ్లేలోపే అందులోని ప్రతి వాక్యమూ భర్త నోట వినబడింది. ఎవరు చెప్పారు? ఆమె అక్కని అనుమానించింది. నిజం చెప్పాలంటే మమ్మల్నీ అనుమానించింది. నేను చేసిన ఘనకార్యం, "కంప్యూటర్‌లో వైరస్ ఉందేమో, స్కాన్ చేసి చూడమ్మా" అనడం. చేసింది. పచ్చ టిక్కు పడింది: మీ కంప్యూటర్ సురక్షితం. ఆ టిక్కుని నమ్మి ఆమె రెండో ఫిర్యాదు కూడా అక్కడే రాసింది. నమ్మమన్నది నేను.

విడిపోయాక ఆ కంప్యూటర్ ఆమె దగ్గరే ఉండిపోయింది. పాస్‌వర్డ్ తెలిసిన కొడుకు తెరిచి చూస్తే, కొట్టిన ప్రతి అక్షరాన్నీ నమోదు చేసే ప్రోగ్రాం ఒకటి కనబడింది. యాంటీవైరస్ పట్టించుకోవద్దని చెప్పిన జాబితాలో, అంటే ఎక్స్‌క్లూజన్స్‌లో, దాని పేరు చేర్చి ఉంది. యాంటీవైరస్ ఏ తప్పూ చెయ్యలేదు. కళ్లు మూసుకోమని యజమాని చెప్పాడు, మూసుకుంది.

దొంగ బయటినుంచే వస్తాడన్న ఊహ మీద ఈ సాఫ్ట్‌వేరంతా కట్టారు. భార్య ఫోన్లో భర్త రహస్యంగా ఎక్కించే నిఘా యాప్‌లు కనబడితే కాస్పర్‌స్కీ వంటి కంపెనీ కూడా "నాట్ ఎ వైరస్" అనే ముద్ర వేసి ఊరుకునేది. మొగుడూ పెళ్లాల మధ్య విషయం, మేం కల్పించుకోం అని పోలీస్ స్టేషన్లో మనం వినే మాటే ఇది! ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌కి చెందిన ఎవా గాల్పరిన్ అనే ఆమె దీన్ని పట్టుకుని పోరాడింది. 2019 ఏప్రిల్‌లో కాస్పర్‌స్కీ దారి మార్చుకుని స్పష్టమైన హెచ్చరిక ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరులో యాంటీవైరస్ కంపెనీలు, గృహహింస బాధితులతో పనిచేసే సంస్థలు కలిసి ఒక కూటమిగా ఏర్పడ్డాయి. స్త్రీలు అడిగేదాకా అది వైరస్‌గా కనబడలేదు.

చట్టం సంగతి క్లుప్తంగా. ఐటీ చట్టం 43వ సెక్షన్ "యజమాని గానీ, బాధ్యత చూసే వ్యక్తి గానీ" అనుమతి లేకుండా కంప్యూటర్‌లో చొరబడడం గురించి మాట్లాడుతుంది. బిల్లు భర్త పేరున ఉంటే ఏమిటన్న వాదన వెంటనే వస్తుంది. భార్య ఫోన్ సంభాషణల్ని భర్త రహస్యంగా రికార్డు చేయడం చట్టవిరుద్ధమని, ఆమె గోప్యతకు భంగమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లోనే చెప్పింది. కానీ 2025 జూలైలో సుప్రీంకోర్టు అలాంటి రికార్డింగులను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఆ తీర్పు హింసని రుజువు చేసుకోవలసిన స్త్రీకీ పనికొస్తుందని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. కావచ్చు. కానీ ఇంట్లో యంత్రాల పాస్‌వర్డులు ఎవరి చేతిలో ఉంటున్నాయో చూసి మాట్లాడాలని నా అభిప్రాయం.

మరి ఏది కొనాలి? చాలా ఇళ్లకి ఏదీ కొనక్కర్లేదు. విండోస్ 10, 11లలో డిఫెండర్ ఉచితంగానే వస్తుంది. వేరే యాంటీవైరస్ వేస్తే అది తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది. రెండు వేసుకుంటే రెట్టింపు రక్షణ అనుకోకండి. అయితే విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. యాంటీవైరస్‌కి పెట్టే డబ్బు కంటే ఈ సంగతి ముందు చూసుకోవాలి. కొనదలిస్తే పుణేలో పుట్టిన క్విక్ హీల్, చెన్నైలో పుట్టిన కె7 మన దగ్గర దొరికేవే. ఏది కొన్నా లైసెన్సు మీ ఈమెయిల్ మీద తీసుకోండి, షాపువాడి నంబరు మీద కాదు. ఊరికే దొరికే దొంగ సాఫ్ట్‌వేర్‌తో మాత్రం జాగ్రత్త. "ముందు యాంటీవైరస్ ఆపండి" అని అడిగే ప్రోగ్రాంని ఎందుకు నమ్మాలి?

ఉచితమైనవన్నీ ఒకటి కాదు. అవాస్ట్ కంపెనీ, తమ వాడకందార్లు ఏయే పేజీలు చూశారో ఆ సమాచారాన్ని అమ్ముకుందన్న కేసులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. గర్భస్రావం గురించో, విడాకుల లాయరు గురించో వెతుక్కునే స్త్రీకి ఈ వార్త చిన్నది కాదు.

డిజిటల్ అరెస్టు పేరుతో బెదిరించేవాడికి మనమే డబ్బు పంపిస్తే ఏ యాంటీవైరస్సూ ఆపలేదు. అలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

చివరిగా, కేసులు చూసే మిత్రులకు ఒక మాట. నిఘా ప్రోగ్రాం ఉందన్న అనుమానం వస్తే వెంటనే తీసెయ్యమని ఆమెకి చెప్పకండి. అది ఆగిపోయిన క్షణాన అతనికి తెలిసిపోతుంది, దెబ్బ ఆమెకి పడుతుంది. సాక్ష్యం కూడా పోతుంది. ముందు ఆమె ఎక్కడుండాలో తేల్చుకోండి. ఆ తెర ఫొటో ఇంకొకరి ఫోన్‌తో తీయించండి. ఫిర్యాదు మన ఆఫీసు కంప్యూటర్‌లోనే రాయించండి. అందులో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందని నిన్న మా వాళ్లని అడిగాను. రిపేరు చేసే అబ్బాయి దగ్గర ఉందట. సోమవారం రమ్మని కబురు పెట్టాం.