టీకాలు: వాని పని, వాని మేలు, వాని కీడు

(చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఉదయమునుండి విద్యార్థివేతనములను గూర్చియు వసతిగృహమును గూర్చియు చర్చించి యలసిన సభకు సూదిమందుల ప్రసంగము రుచింపదని యెఱుంగుదును. అయినను మన గ్రామములలో కొందఱు తల్లులు మొదటి టీకా వేయించి, ఆ రాత్రి బిడ్డకు జ్వరము వచ్చుటచేత రెండవదానికి రాకున్నారు. వారి సందేహము వెక్కిరింపదగినది కాదు, సమాధానము చెప్పదగినది.

మశూచిని మన పెద్దలు అమ్మవారనిరి. పోచమ్మగుడి లేని పల్లె మనవైపున అరుదు. 1796లో ఆంగ్లదేశమున ఎడ్వర్డు జెన్నరను వైద్యుడు, పాలు పిదుకువారికి ఆవుమశూచి సోకినచో పెద్దమశూచి రాదను పల్లెవారి మాటను పరీక్షించి నిజమని చూపెను. వ్యాక్సినను పేరు సైతము లాటినుభాషలో ఆవునకు గల పేరునుండియే పుట్టినది. 1802లో ఆ టీకా బొంబాయి చేరినను, మన దేశమున మశూచి తుదముట్టుటకు 1975 వఱకు పట్టినది. నేడు పోచమ్మకు బోనము నడచుచునే యున్నది, మశూచి మాత్రము లేదు. ఆ పూజకును ఈ టీకాకును వైరము కలదని నేను తలంపను.

టీకా పని యెట్టిదనగా: ఊరి కావలికారులకు దొంగ ముఖము తెలియనిచో, వాడు దోచుకొనిపోయిన పిమ్మటగాని వారు మేలుకొనరు. చేతులు కట్టిన దొంగనొకనిని చావడిలో నిలిపి ముందే చూపినచో, మరునాడు వాని జతగాడు పొలిమేర దాటకముందే పట్టుకొందురు. మన నెత్తుటనుండు తెల్లకణములు ఆ కావలికారులు. చచ్చిన సూక్ష్మజీవినో, బలము తగ్గించినదానినో, దాని తునుకనో, విషము విఱిచిన దాని విషమునో వానికి చూపుటయే టీకా. కణములు దానికి తగిన ప్రతిద్రవ్యమును తయారుచేసి, ఆ గుర్తును నిలుపుకొనును. ఒకమాఱు చూపిన చాలనందున కొన్నిటికి ఆఱు, పది, పదునాలుగు వారముల వయస్సున మరల మరల వేయుదురు. రెండవది మానిన తల్లి మొదటిదాని ఫలమును సగములో విడిచినట్లే. ఆనాటి జ్వరమో, కావలికారులు మేలుకొనిన అలజడి. సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును.

తట్టు ఒకరినుండి పలువురకు అంటును. నూటికి తొంబదియైదుగురు టీకా పొందినచో, టీకాకు తగని పసికందును చుట్టుపట్లవారే కాచుదురు. ధనుర్వాతము అట్లు కాదు. అది మట్టిలోను పేడలోను ఉండును, ఇరుగుపొరుగువారి టీకా దానికడ్డురాదు. కొడవలి తెగినను, ముల్లు గుచ్చుకొనినను ఎవరి టీకా వారినే కాపాడవలెను. గర్భిణులకు టీకా లిచ్చుటచేతను, శుభ్రమైన కాన్పులచేతను పురిటిబిడ్డల ధనుర్వాతము మన దేశమున అతి స్వల్పమైనదని 2015లో నిర్ధారింపబడినది.

మన పొరుగుననే ఈ విద్య పెరిగినది. 1997లో శాంతా బయోటెక్నిక్సువారు కామెర్ల పురుగులలో నొకటైన హెపటైటిసు బీకి దేశమున మొదటి జన్యుసంయోజిత టీకాను హైదరాబాదునుండి విడుదల చేసిరి. 2015లో భారత్ బయోటెక్కువారి రోటావాక్ వచ్చినది. తీవ్రమైన రోటావైరసు విరేచనములను మొదటి యేట అది నూటికి సుమారు ఏబదియాఱు పాళ్ళు తగ్గించినట్లు పరీక్షలలో తేలినది. నూటికి నూఱని చెప్పువాని మాట నమ్మకుడు.

ఇక కీడు. వాపు, నొప్పి, జ్వరము సామాన్యములు. పది లక్షల మోతాదులకు సుమారు ఒకటిచొప్పున ప్రాణాపాయకరమగు అలర్జీ కలుగవచ్చును. అది సాధారణముగా నిమిషములలో బయటపడును గనుకనే అరగంట కూర్చుండుమని నర్సమ్మ చెప్పును. పని తొందరలో లేచిపోవలదు.

పోలియో చుక్కలమందున వేఱొక చిక్కు కలదు. అందు బ్రదికియున్న బలహీనపు వైరసు, టీకాలు తక్కువగానున్న జనులలో చిరకాలము తిరిగినచో, మరల బలము తెచ్చుకొనవచ్చును. గండిపేట చెరువు దాటి నగరము నడుమ పాఱు మూసీ యొడ్డున, అంబరుపేట మురుగునీటిలో 2016లో అట్టి రెండవరకపు వైరసు కనబడెను. 2011 పిమ్మట దేశమున సహజ పోలియో లేదు. చుక్కలనుండి ఆ రెండవరకమును అంతకుముందు ఏప్రిలులోనే తీసివేసియుండిరి. అయినను వెంటనే జూన్ నెలలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు మూడులక్షల పిల్లలకు చచ్చిన వైరసుగల సూదిమందును, మామూలు మోతాదులో అయిదవవంతు చర్మములో వేసిరి. ఒక్క బిడ్డయు దానిచే కుంటిదైనట్లు కనబడలేదు. హానిని దాచక వెదకి పట్టుకొన్నందుననే ఇది సాధ్యమైనది. దాచియుండినచో నేనీ వేదికపై టీకాల పక్షమున మాటాడజాలకుందును.

కుక్కకాటునకు బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను భయము నేటికిని మనవారిని వదలలేదు. ఆ పాత మందు నరములకు చెఱుపు చేయుట కలదు, అది మన దేశమున 2005 నాటికే నిలిచిపోయినది. ఇప్పటిది చేతికి వేయునది, సూదులును కొద్ది. గాయమును పదునైదు నిమిషములు సబ్బునీట కడిగి, అదే దినమున ఆసుపత్రికి పోవలెను. పసరు కట్టుకొని కూర్చున్నచో, రోగము బయటపడిన తరువాత ఏ వైద్యుడును దాదాపు చేయగలిగినది లేదు.

పోషకులకు ఒక విన్నపము. మీ కూరగాయల తోటలలోను, పూలతోటలలోను, తోటయిండ్లలోను దూరదేశములనుండి వచ్చిన కూలీలు కాపురముందురు. వారి పిల్లలు ఒక ఊర మొదటి టీకా, మఱియొక ఊర రెండవది పొందవలసియుండగా, నడుమ తప్పిపోవుచున్నారు. బుధ, శనివారములలో టీకాలు వేయుదురు. ఆ పూట తల్లికి కూలి కోయక, మీ బండిలోనే ఆరోగ్యకేంద్రమునకు పంపుడు. కార్డు పోయినదని వెనుకాడ నక్కఱలేదు. ఆశా కార్యకర్తకు తెలిపినచో క్రొత్త కార్డు వ్రాయించును.