పొగకు వెల – క్రొత్త సిమెంటు

ఆళ్లగడ్డ శిల్పి ఉలితో రాతిని మలచునప్పుడు రాలునది పొడి మాత్రమే. అదే నంద్యాల జిల్లాలో, కొలిమిగుండ్లలోను గడివేముల మండలములోను సున్నపురాతిని బట్టీలో కాల్చి సిమెంటు చేయుచున్నారు. అచ్చట రాయి విడుచునది బొగ్గుపులుసు వాయువు.

నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలినచో 44 కిలోలు ఈ వాయువై లేచిపోవును. ఇది బొగ్గు పొగ కాదు, రాతిలో ఇమిడియున్నదే. గని గ్రామమువద్ద సౌరవిద్యుత్తు ఎంత పుట్టించినను ఈ భాగము తగ్గదు. సిమెంటు చేయు విధానమే మారవలెను.

ఆ మార్పునకు ప్రభుత్వము అంగడిని ఆశ్రయించినది. 2023లో కర్బన క్రెడిట్ల వ్యాపార పథకమును ప్రకటించి, 2025 అక్టోబరులో 282 కర్మాగారములకు హద్దులు విధించెను. వానిలో 186 సిమెంటువే. టన్ను సరుకునకు ఇంత వాయువని హద్దు. అంతకు తగ్గించినవారికి పత్రములు లభించును. మించినవారు వానిని కొనవలెను.

ఇట్టి అంగడి క్రొత్త విద్యను పుట్టించునా? ఐరోపాలో 2005లో ఆరంభించినప్పుడు అనుమతి పత్రములను అవసరమునకు మించి పంచిరి. 2007 నాటికి వెల దాదాపు సున్నకు దిగెను. పొగ చవుకైనప్పుడు పరిశోధనకు ధనమెవరు వెచ్చింతురు? అయినను ఆ పథకమునకు లోబడిన సంస్థలలో కర్బనమును తగ్గించు విద్యల పేటెంట్లు 10 శాతము వరకు పెరిగినవని 2016లో ఒక పరిశోధన తేల్చినది. వెల నిలిచినచో ఫలము మరింత యుండునని ఆశింపవచ్చును.

మనకు దారి లేకపోలేదు. బట్టీలో వృథాయగు వేడిమితో విద్యుత్తు తీయుట తెలిసిన విద్యయే. ఖర్చును అదే రాబట్టును. అంతకంటె పెద్ద అడుగు వేరొకటి కలదు. కాల్చిన బంకమట్టిని, కాల్చని సున్నపురాతి పొడిని చేర్చి, క్లింకరును సగమునకు తగ్గించిన సిమెంటది. 2023లో దానికి భారత ప్రమాణము ఏర్పడెను. కాని దానికై క్రొత్త యంత్రములు కావలెను, మేస్త్రీల నమ్మకము కావలెను. స్థిరమైన వెల లేనిదే యజమాని ముందుకు రాడు.

మరియొక లోపము గమనింపుడు. మన హద్దు టన్నునకే గాని మొత్తమునకు కాదు. ఉత్పత్తి పెరిగినచో మొత్తము వాయువు పెరుగవచ్చును. కనుక హద్దు ఏటేట బిగియవలెను; ఎంత బిగియునో ముందుగా తెలియవలెను. నేడు కట్టిన బట్టీ దశాబ్దములు మండును. యజమాని చూచునది రేపటి వెలనే.

వానల తీరు తప్పి కుందూ ఒడ్డున పొలము మునిగినను ఎండినను నష్టము రైతుదే. అతడు ఈ అంగడిలో కొనడు, అమ్మడు. అతని పక్షమున బేరమాడవలసినది హద్దు నిర్ణయించు ప్రభుత్వమే.