మోవా ఎండలలో కంప్యూటరు వేగము
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను మాటాడుదునని తెలిసినవారు శతకములను గూర్చియో, ప్రబంధములను గూర్చియో చెప్పుదునని తలచియుందురు. కళాశాలలో నేను చదివినది చరిత్రయు, తెలుగును. అయినను ఈ సాయంకాలము నేనెంచుకొన్న విషయము కంప్యూటరు ప్రాసెసరు వేగమును హెచ్చించుట. కుర్రవాండ్రు దీనిని ఓవర్‌క్లాకింగు అందురు. మన ఇండ్లలో పిల్లలు ఈ పని చేయుచున్నారు. తండ్రులమైన మనము సామానులకు సొమ్మిచ్చి ఊరకుందుము. నేనును అట్లే ఊరకుంటిని. దాని ఫలమును ముందు చెప్పెదను.

ప్రాసెసరు ఒక తాళము ననుసరించి పనిచేయును. నేటి యంత్రములలో మూలతాళము సాధారణముగా 100 మెగాహెర్ట్జ్, అనగా సెకనుకు పదికోట్ల దెబ్బలు. ప్రాసెసరు దానిని 45 చేత హెచ్చవేసికొన్నచో 4.5 గిగాహెర్ట్జ్ వేగము వచ్చును. 50 చేత హెచ్చవేసికొన్నచో 5 వచ్చును. ఆ గుణకమును మార్చుటయే ఈ విద్యలో ముఖ్యమైన పని. 1998లో ఇంటెల్ వారి సెలెరాన్ 300ఏ అను చౌక ప్రాసెసరును కొన్నవారు గుణకము జోలికి పోక, మూలతాళమునే 66 నుండి 100కు మార్చి, 300 మెగాహెర్ట్జ్ దానిని 450 వరకు పరుగెత్తించిరి. అది నిజముగా లాభమే. నేడంత లాభము లేదు. తయారుచేయువారే టర్బో అనియు, బూస్ట్ అనియు పేరులు పెట్టి, ఉన్న శక్తిలో చాలభాగము ముందే పిండుకొనుచున్నారు. పైగా అన్ని ప్రాసెసరులకు ఈ స్వేచ్ఛ లేదు. ఇంటెల్‌లో పేరు చివర కే అక్షరమున్నదియు, జెడ్ తరగతి మదర్‌బోర్డును కావలెను. ఏఎండీ వారి రైజెన్ ప్రాసెసరులలో అనేకమునకు గుణకము విడిచియే యుండును గాని, ఏ తరగతి చౌక బోర్డులు దానిని మార్చనీయవు. ఇది తెలియక హెచ్చు వెలపెట్టి కొన్నవారు మన రాయపూరులోనే ఉందురు.

వేగము ఊరకే రాదు. వేగమును నూటికి 10 వంతులు పెంచి, అది నిలుచుటకై వోల్టేజిని కూడ నూటికి 10 వంతులు పెంచితిమనుకొనుడు. పుట్టు వేడి నూటికి 33 వంతులు పెరుగును. వోల్టేజి ఈ లెక్కలో రెండుమారులు గుణింపబడుటయే కారణము. కావుననే పందెములకై ఈ పని చేయువారు యంత్రమును ద్రవ నైట్రోజనుతోను, ద్రవ హీలియముతోను చల్లార్చుదురు. 2022లో 9 గిగాహెర్ట్జ్ దాటినది హీలియముతోనే. మనకున్నది మోవా గాలి.

ఇచ్చటనే మా పెద్దవాడు పొరపాటుపడెను. వాడు డిసెంబరు సెలవులలో వేగమును 5 గిగాహెర్ట్జ్‌కు పెంచి, దినమంతయు పరీక్షించి, 82 డిగ్రీలు దాటలేదని సంతోషించెను. అప్పుడు గదిలో 20 డిగ్రీలు. ప్రాసెసరుపై బిగించిన ఫ్యాను శీతలమును పుట్టింపదు; వేడిని గది గాలిలోనికి తోయును, అంతే. గది గాలికంటె ప్రాసెసరు 62 డిగ్రీలు హెచ్చుగా నున్నదనియే ఆనాటి పరీక్ష చెప్పినది. ఇక రోహిణీ కార్తె వచ్చెను. ఇచ్చటివారు దాని మొదటి తొమ్మిది దినములను నౌతపా అందురు. గది 38 డిగ్రీలకు చేరెను. 38కి 62 కలిపిన 100. ఇంటెల్ ప్రాసెసరులలో అనేకము ఆ అంకె వద్ద తమంతట తామే వేగము తగ్గించుకొనును. రైజెన్ 7000 తరగతివి 95 వద్దనే తగ్గించుకొనును. పెంచిన యంత్రము పెంచని యంత్రముకంటె నెమ్మదిగా నడిచెను!

దీనికి తోడు ధూళి. సిల్తరా, ఉర్లా కర్మాగారముల నల్లని పొడి మేడపై ఆరవేసిన బట్టలమీదనే కాక, ఫ్యాను రెక్కల సందులలోను చేరును. నెలకొకమారు తుడువనిచో మీరు చేసిన లెక్క యేదియు నిలువదు. నీళ్ల కూలరు ఎదుట యంత్రము నుంచకుడు; తడిగాలి దానికి హితము కాదు.

అయితే వేడి మంచి శత్రువు, ముందుగా అరచును. మెమరీ దోషము అరువదు. మా నాయనగారు పద్యములు చదివిన క్యాసెట్లు నాలుగుండెను. మావాడు వానిని కంప్యూటరులోని కెక్కించి, ఒక్క మూటగా కుదించి, మొదటి ఫైళ్లను చెరిపివేసెను. ఎక్కించిన తరువాత నాలుగవ క్యాసెట్టు టేపు యంత్రములో చిక్కి ముక్కలయ్యెను. రెండు నెలల తరువాత మూటను విప్పబోగా విప్పుకొనలేదు. మెమరీ పరీక్షను ఒక రాత్రి నడిపితిమి. తెల్లవారునప్పటికి తెరపై ఎఱ్ఱని గీతలు. మొదట కొన్న రెండు పలకలకు వేరొక జాతి పలకలు రెండు చేర్చి, నాలుగింటిని హెచ్చు వేగమున నడిపియుండెను. మూడు క్యాసెట్లను మరల ఎక్కించుకొంటిమి.

కావున మెమరీ కొనువారు శ్రద్ధగా వినవలెను. డీడీఆర్ 4, డీడీఆర్ 5 పలకలు రెండింటికిని 288 కాళ్లే. కాని గాడి చోటు వేరు, ఒకదాని చోట మరియొకటి దూరదు. ఏఎండీ ఏఎం5 బోర్డులకు డీడీఆర్ 5 మాత్రమే. ఇంటెల్ 12 నుండి 14వ తరముల బోర్డులు రెండు విధముల నున్నవి, చూచి కొనుడు. బోర్డు తయారీదారు తాను పరీక్షించిన పలకల పట్టికను ప్రకటించును; అందులోనిదే కొనుట మేలు. రెండు పలకలు ఒకే పెట్టెలో వచ్చినవి కావలెను. నాలుగు గాళ్లున్న బోర్డులో సాధారణముగా ప్రాసెసరు వైపునుండి రెండవ, నాలుగవ గాళ్లలో పెట్టవలెను. నాలుగు పలకలు పెట్టినచో వేగము పడిపోవును: రైజెన్ 7000కు రెండు పలకలతో సంస్థ చెప్పిన వేగము 5200, నాలుగింటితో 3600. పెద్ద అంకెకు మోసపోకుడు. 3200 వేగము, 16 సీఎల్ గల డీడీఆర్ 4 పలకయు, 6000 వేగము, 30 సీఎల్ గల డీడీఆర్ 5 పలకయు మొదటి జవాబిచ్చుటకు పట్టు కాలము ఒక్కటే, 10 నానోసెకనులు. రెండవది ఒక్కసారికి హెచ్చు మోయును, అదే భేదము. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో అను సిద్ధపు అమరికలను ఎన్నుకొనుటయు వేగము పెంచుటయే. పరీక్ష లేక నమ్మరాదు.

ప్రాసెసరును ఒకమారు 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచి, అరగంట బరువు పని చేయించి, అంకెలు వ్రాసికొనుడు. మెమరీని వేరొక దినమున పట్టుకొనుడు. రెండును కలిపి మార్చినచో తప్పు దేనిదో ఎవ్వరును చెప్పలేరు. యంత్రము లేవకున్నచో బోర్డుమీది నాణెపు బ్యాటరీని కొంతసేపు తీసి పెట్టిన అమరికలు మొదటికి వచ్చును. బోర్డు తనంతట ఇచ్చు వోల్టేజిని గ్రుడ్డిగా నమ్మకుడు. 13, 14వ తరముల ప్రాసెసరులు కొన్ని హెచ్చు వోల్టేజివలన చెడుచున్నవని 2024లో ఇంటెల్ వారే ఒప్పుకొని, సవరణ నిచ్చి, హామీని రెండేండ్లు పొడిగించిరి. ఆఫీసు యంత్రముల మాట చెప్పనక్కరలేదు. అవి మనవి కావు.

మా ఇంట ఇప్పుడు వేగము 4.7. ఆ అంకె మే నెల మధ్యాహ్నము రెండు గంటలకు కూలరు ఆపి పరీక్షించి నిర్ణయించినది. మెమరీ పలకలు రెండే. నాలుగవ క్యాసెట్టు ముక్కలను మావాడు ఆదివారములందు సన్నని అంటుపట్టీతో అతికించుచున్నాడు. ఇప్పటికి పదకొండు నిమిషములు వినవచ్చుచున్నవి.